వచనం వెదికే ముందు అధ్యాయం చదవండి

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు కుటుంబాల్లో ఉద్యోగమో పెళ్ళి సంబంధమో తేల్చుకోవలసి వచ్చినప్పుడు, కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్నే దేవుని జవాబుగా తీసుకునేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. యిర్మీయా 29:11 చూడండి. మేలు కలుగుతుందన్న ఆ మాట బబులోను దేశానికి బందీలుగా వెళ్ళిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనంలోనే 70 సంవత్సరాల ఎదురుచూపు ఉంది. అదే అధ్యాయంలో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అనీ ఉంది. వేరే భాష నడుమ బతుకుతున్న మనకు అదెంత దగ్గరి మాట!

అందుకే ఒకే పుస్తకాన్ని వరుసగా, రోజుకో అధ్యాయం, పైకి చదవండి. ఒడియా బడికి వెళ్ళే పిల్లలుంటే అదే భాగాన్ని ఒడియా బైబిలులో చదివించి, ఏమి అర్థమైందో అడగండి. మనం అలవాటుగా దాటేసే చోట వాళ్ళు ఆగుతారు. చదివిన వెంటనే కోరికల చిట్టా విప్పకుండా కాసేపు మౌనంగా ఉండండి. తోచినది రాసుకుని, వాక్యం బాగా తెలిసిన సంఘ పెద్దకు చూపించండి, ముఖ్యంగా అది మిమ్మల్ని తొందరపెట్టే తలంపు అయితే.