పులికాట్‌లో పక్షులు తింటుంటే ఎలా చూడాలి

పులికాట్‌కి వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే, దూరంగా తెల్లగా ఒక గీత కనపడింది, అవే ఫ్లెమింగోలంట, నాలుగు ఫొటోలు కొట్టుకుని వచ్చేశాం అని. అది విన్నప్పుడల్లా నాకు మనసు ఉసూరుమంటుంది. అక్కడ అసలు చూడాల్సింది వాటి తిండి అండీ. ఏ పక్షి ఎంత లోతు నీళ్లలో నిలబడింది, ముక్కుతో ఏం చేస్తోంది, ఈ రెండూ చూడటం అలవాటైతే చాలు, ఒక్క పేరు తెలియకపోయినా సరస్సు మొత్తం అర్థమైపోతుంది, పేర్లు తర్వాత మెల్లగా అవే వస్తాయి.

ముందు చోటు సంగతి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు, అందులో ఎక్కువ భాగం సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు పక్కలా నీళ్లే. చివర్లో షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు ఉంటుంది, పాస్ లేకుండా దాటనివ్వరు, మనకి దాటే అవసరం కూడా లేదు. చెన్నై, గూడూరు లైన్లో సూళ్లూరుపేటలో రైలు దిగి ఆటో మాట్లాడుకున్నా సరిపోతుంది, కాకపోతే డ్రైవర్‌కి ముందే చెప్పండి అక్కడక్కడా ఆగి చాలాసేపు ఉంటాం అని. ఈ రోడ్డు పడమర నుంచి తూర్పుకి పోతుంది, చలికాలంలో సూర్యుడు ఎక్కువసేపు దక్షిణం వైపే వాలి ఉంటాడు, అందుకని ఉత్తరం వైపు నీళ్లు చూస్తే వెలుతురు మీ వెనక నుంచి పడి ముక్కులు, కాళ్ల రంగులు బాగా కనపడతాయి, దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్లటి బొమ్మలే. తెల్లారగానే అక్కడ ఉండేట్టు చూసుకోండి, పదింటి తర్వాత నీళ్ల మీద వేడికి బైనాక్యులర్స్‌లో అంతా వణుకుతూ కనపడుతుంది. 8 బై 42 బైనాక్యులర్స్ చాలు, ఎవరి దగ్గరైనా ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ (పక్షుల్ని చూసే టెలిస్కోప్) ఉంటే మాత్రం బతిమాలైనా తెచ్చుకోండి.

ఎప్పుడంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి అని అందరూ చెప్తారు, నన్నడిగితే జనవరి సగం దాటాక. ఈశాన్య రుతుపవనాల వానలకి కాళంగి, స్వర్ణముఖి నీళ్లు వచ్చి పడి సరస్సు నిండుగా ఉన్నప్పుడు బాతులకి, గూడబాతులకి (అదే పెలికాన్లు) బాగుంటుంది గానీ, పొట్టికాళ్ల పిట్టలకి నిలబడే చోటు తక్కువ. నీళ్లు తీస్తున్నకొద్దీ బురద బయటపడి అంచుల్లో తిండి తేలికగా అందుతుంది, పక్షులు కూడా ఒకచోటికి చేరతాయి. ఇంకా ఎండలు ముదిరితే ఉత్తరం వైపు నీళ్లు సముద్రం కంటే ఉప్పెక్కి, కొన్నిచోట్ల పూర్తిగా ఎండిపోతాయి. అంత ఉప్పులో బతికే జీవాలు తక్కువ రకాలే, కానీ బతికేవి మాత్రం కుప్పలుతెప్పలుగా ఉంటాయి, చిన్న రొయ్యలు, పురుగుల లార్వాలు, నత్తలు, నాచు, వీటి కోసమే ఇంత దూరం వచ్చేది ఈ పక్షులన్నీ. మరి ఉప్పునీళ్లు ఎలా అరుగుతాయి అంటే ఫ్లెమింగోలాంటి వాటికి కళ్ల పైభాగంలో ఉప్పు గ్రంథులు ఉంటాయి, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ముక్కు రంధ్రాల్లోంచి చుక్కలుగా వదిలేస్తాయి, స్కోప్‌లో చూస్తే ముక్కు మీద ఆ తడి మెరవడం ఒక్కోసారి దొరుకుతుంది.

ఇప్పుడు చూసే పద్ధతి. ఆగిన వెంటనే ఫ్లెమింగోల కోసం దూరం చూడకండి. గట్టు దగ్గర తడి బురద నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం లోతుకి కళ్లు జరపండి.

బురద మీద గబగబా నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగి, మళ్లీ పరిగెత్తి ఒక్క పోటు పొడిచేవి ప్లోవర్లు, పొట్టి ముక్కు, పెద్ద కళ్లు, అవి కంటితో చూసి వేటాడతాయి కాబట్టే ఆ ఆగడం. వాటి పక్కనే తల ఎత్తకుండా టకటకా పొడుస్తూ పోయే బుల్లి పిట్టలు స్టింట్లు, ఉల్లంకుల (శాండ్‌పైపర్ల) జాతివే, అంత చిన్న ప్రాణాలు ఉత్తర ధ్రువం పక్కనుండే నేలల నుంచి వస్తాయి. ఇంకొంచెం నీళ్లలో పొడుగు నిటారు ముక్కుని మొదలంటా బురదలోకి దించేది గాడ్‌విట్, దాని ముక్కు చివర మాత్రమే తెరుచుకోగలదు, లోపలే పురుగుని పట్టేస్తుంది. కిందికి వంగిన పెద్ద ముక్కు కర్ల్యూది, పీత దొరికితే కాళ్లు విదిలించి ఊడగొట్టి మింగుతుంది, అది చూస్తుంటే టైమ్ తెలియదు. పైకి వంగిన ముక్కుతో నీళ్లని అటూ ఇటూ కోస్తున్నట్టు నడిచేది అవొసెట్, అది కనిపించిందంటే ఆ రోజు ఇక ఆ చోటు వదలొద్దు. ఇన్ని పిట్టలు ఒకే బురదలో తగువు లేకుండా తింటున్నాయంటే కారణం ఇదే, ఒకదాని ముక్కు అందే లోతు ఇంకోదానికి అందదు.

కొంగల్లో పెయింటెడ్ స్టార్క్‌ని గమనించండి. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టుకుని మెల్లగా నడుస్తుంది, కళ్లతో వెతకదు, పులికాట్ బురదలో చేత్తో తడిమి రొయ్యలు పట్టే యానాదుల్లాగా తగలగానే పట్టేయడమే, రెప్పపాటులో ముక్కు మూసుకుంటుంది. తెడ్డుమూతి కొంగది కూడా తడిమే పద్ధతే, కాకపోతే ముక్కుని పక్కలకి ఊపుతుంది. గూడబాతులు దగ్గర్లోని నేలపట్టులో గూళ్లు పెట్టుకుని చేపల కోసం ఇక్కడికి ఎగిరొస్తాయి, ఇవి చాలావరకు మన దేశంలోవే, విదేశీ పక్షులు అని రాసేవాళ్లు ఇది కాస్త గమనించాలి.

ఇక ఫ్లెమింగోలు. గుంపుని వదిలేసి ఒక్కదాన్ని పట్టుకుని ఐదు నిమిషాలు దాన్నే చూడండి. మెడ కిందికి వేసి తలని తలకిందులు చేస్తుంది, అంటే పై దవడ నేల వైపు ఉంటుంది. నోట్లో లావుపాటి నాలుక సెకనుకి నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్లు పీల్చి బయటికి తోస్తుంది, దవడ అంచుల్లో ఉన్న సన్నటి దువ్వెన పళ్లలాంటి వరసల్లో తిండి చిక్కుకుంటుంది, నీళ్లు, మట్టి పోతాయి. నాలుక మనకి కనపడదు గానీ గొంతు కింద చర్మం అదరడం, ముక్కు పక్కల నుంచి నీళ్లు చిమ్మడం కనపడుతుంది. కాళ్లు కూడా చూడండి, ఉన్నచోటే తొక్కుతూ ఉంటాయి, అలా తొక్కితే అడుగున ఉన్న లార్వాలు, నత్తపిల్లలు పైకి లేస్తాయి. ఒక్కోసారి ముక్కు మధ్యలో ఉంచి దాని చుట్టూ తిరుగుతూ తొక్కుతాయి, నీళ్లు తీశాక బురదలో గుండ్రటి రింగులు కనపడితే అవి వాటి పనే. ఆ గులాబీ రంగు కూడా ఈ నాచు, రొయ్యల్లోంచి వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్లే, బూడిద రంగులో ఉన్నవి జబ్బు పక్షులు కాదు, పిల్లలు.

బాతులు పగలు నిద్రపోతున్నట్టుంటే నిరాశ పడొద్దు. సూదితోక బాతులు ఎక్కువగా రాత్రిళ్లు మేస్తాయి, పొద్దుగూకే వేళకి గుంపులుగా లేచి వరి పొలాలు, చెరువుల వైపు పోతాయి, కాబట్టి సాయంత్రం ఒకసారి మళ్లీ రండి. పగలే మేసే వాటిలో షోవెలర్లు దొరుకుతాయి, గరిటె లాంటి వెడల్పు ముక్కుని నీటి మీద ఆనించి కొన్ని కలిసి గుండ్రంగా ఈదుతాయి, ఒకటి కదిలించిన తిండిని వెనకది వడకట్టుకుంటుంది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, టైమ్, నీళ్లు కాలికి ఎంతవరకు, పొడిచిందా, ఊపిందా, వడకట్టిందా, నిమిషానికి ఎన్నిసార్లు, అంతే. ఇంటికొచ్చి, చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు కామెంట్స్‌లో ఇది కూడా రాస్తే పిట్టల లెక్కతో పాటు వాటి అలవాట్లు కూడా రికార్డులో ఉంటాయి.

దూరం గురించి మాత్రం గట్టిగా చెప్తాను. తింటున్న పక్షి తల ఎత్తి మెడ నిటారు చేసిందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, అక్కడే ఆగండి, రెండడుగులు వెనక్కి వేయండి. గాల్లో ఎగిరితే ఫొటో బాగుంటుందని కేకలు వేసి లేపేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, చేసేవాళ్లని ఆపండి. ఫిబ్రవరి, మార్చిలో ఉల్లంకులు తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పట్టించుకుంటూ ఉంటాయి, ఒక్కసారి లేపినా అంతసేపు తిన్నది ఖర్చే. డ్రోన్ ఊసే ఎత్తొద్దు, ఇది శాంక్చురీ, పక్కనే షార్. బురదలోకి దిగొద్దు, పైకి గట్టిగా కనపడినా మోకాలి దాకా దిగబడుతుంది. రోడ్డు మీద బస్సులు స్పీడ్‌గా వస్తాయి, బండి పూర్తిగా పక్కకి తీసి పెట్టండి, పిల్లల్ని నీళ్ల వైపే నిలబెట్టండి. పారేసిన వల ముక్కల్లో కాళ్లు చిక్కుకున్న పక్షి కనపడితే మీరే లాగకుండా ఫారెస్ట్ వాళ్లకి చెప్పండి, దారిలో అటకానితిప్ప దగ్గర వాళ్ల సెంటర్ ఉంది.