బీడు (పోత ఇనుము) బ్లాకులో విరిగిన స్టడ్డును తీసే పద్ధతి

ఏళ్ల తరబడి బావి గట్టున ఎండకు ఎండి, వానకు నానిన ఆయిలింజనును విప్పబోతే ముందుగా మొరాయించేవి సైలెన్సరు వైపు స్టడ్డులే, అంటే రెండు కొసలా త్రెడ్లు (మరచుట్లు) ఉండే తలలేని బోల్టులే. ఆ వైపు లోహం రోజూ బాగా కాగి చల్లారుతుంది, దానికి తోడు త్రెడ్ల సందుల్లో పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, స్టడ్డు తన రంధ్రంలో మేకులా దిగబడిపోతుంది. పానా మీద పైపు తొడిగి బలం పెడితే నట్టు ఊడదు, స్టడ్డే తెగుతుంది.

తెగిన వెంటనే చాలామంది చేయి చాచేది ఈజీ ఔట్ కోసం, అంటే తెగిన ముక్కలో రంధ్రం చేసి, అందులో ఎదురు మరలా దించి వెనక్కి తిప్పే గట్టి ఉక్కు పనిముట్టు కోసం. నా అభిప్రాయంలో అది ఇలాంటి స్టడ్డుకు పనికిరాదు. 10 మి.మీ. స్టడ్డు నిండు కడ్డీగా ఉండి కూడా మెలికకు ఆగలేక తెగిందంటే, దాని నడుమ రంధ్రం చేసి దించే నాలుగైదు మి.మీ. ఈజీ ఔట్ అంతకు మించిన మెలికను ఎలా మోస్తుంది? పైగా అది స్టడ్డును లోపలి నుంచి వెలుపలికి ఒత్తి మరింత బిగిస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ట్రాక్టరు బ్లాకులో దాన్ని విరగ్గొట్టాను. మామూలు డ్రిల్లు బిట్టు ఆ గట్టి ఉక్కు మీద గీత కూడా పెట్టలేదు, కార్బైడ్ బిట్టుతో అరగదీయడానికి ఒకటిన్నర రోజు పట్టింది. తుప్పు పట్టకుండా, తల మాత్రమే తెగి, లోపల వదులుగా ఉన్న బోల్టుకైతే ఈజీ ఔట్ వాడుకోవచ్చు.

మొదట చేయవలసింది నానబెట్టడం. తుప్పు సందుల్లోకి పాకే పెనెట్రేటింగ్ ఆయిల్ దొరికితే సరే, లేకపోతే ఎసిటోన్‌ను, ఆటోమేటిక్ గేర్ బాక్సులో వాడే ఏటీఎఫ్ ఆయిల్‌ను సమపాళ్లలో కలిపి స్టడ్డు చుట్టూ వేసి, కడ్డీ కొసను చిన్న సుత్తితో అప్పుడప్పుడు తడుతూ ఒక రాత్రి వదిలేయాలి. ఈ మిశ్రమం నిలవ ఉంటే విడిపోతుంది కనుక పోసే ముందు ప్రతిసారీ కుదపాలి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఆ తడి పూర్తిగా ఆరి, నూనె మరకలు తుడిచి, డీజిల్ ట్యాంకును దూరంగా జరిపేవరకు నిప్పు దగ్గరికి రానీయకూడదు.

బయటికి నాలుగైదు మి.మీ. మిగిలి ఉంటే వైస్ గ్రిప్‌తో (బిగించి వదిలినా పట్టు సడలని పటకారుతో) పట్టి ముందుకూ వెనక్కీ కొద్ది కొద్దిగా కదిలించి చూడవచ్చు. బ్లాకుతో సమానంగా తెగినా, ఒకటి రెండు మి.మీ. లోపలికి తెగినా, నమ్మదగిన మార్గం నట్టును వెల్డింగు చేయడం. తెగిన ముఖం మీద 10 మి.మీ. నట్టును సరిగ్గా నిలిపి, 2.5 మి.మీ. రాడ్డుతో నట్టు రంధ్రం నడుమ స్టడ్డు మీదనే ఆర్క్ మొదలుపెట్టి, రంధ్రం నిండేదాకా పైకి పోసుకుంటూ రావాలి. ఇక్కడ వెల్డింగు అతుకుకు ఎంత విలువ ఉందో వేడికీ అంతే విలువ ఉంది: ఎర్రబడిన స్టడ్డు చుట్టూ ఉన్న బీడు గోడలకు ఒత్తుకొని తుప్పును నలగ్గొడుతుంది, చల్లారేటప్పుడు కుంచించుకొని గోడలను వదులుతుంది. అందుకే ఎరుపు పూర్తిగా పోయాకే పానా పెట్టాలి. ఆ వేడి మీద కొవ్వొత్తిని తాకిస్తే కరిగిన మైనం త్రెడ్ల సందుల్లోకి పాకిపోతుంది. నీళ్లు మాత్రం పోయకూడదు, బీడు పగులుతుంది. మొదటి నట్టు ఊడి వచ్చినా నిరుత్సాహపడనక్కరలేదు, మూడో నాలుగో నట్టుకు కదిలిన స్టడ్డులు ఎన్నో ఉన్నాయి. కదిలేటప్పుడు కిర్రుమనే చిన్న మూలుగు వినిపిస్తుంది. అప్పుడు ఒక్కసారిగా తిప్పేయకుండా పావు చుట్టు విప్పి, అందులో సగం వెనక్కి బిగించి, నూనె వేస్తూ తీయాలి.

దేనికీ లొంగకపోతే డ్రిల్లు చేయడం తప్పదు. డ్రిల్లు పనిలో నడిమి బిందువు తప్పితే మిగిలినదంతా తప్పినట్టే. తెగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక సెంటర్ పంచ్‌ను కంటి అంచనాతో కొడితే బిట్టు మెత్తగా ఉన్న బీడు వైపు జారుతుంది. దీనికి మంచి ఉపాయం మ్యానిఫోల్డునే, అంటే ఆ స్టడ్డులకు బిగించే పొగ గొట్టం భాగాన్నే, గైడుగా వాడుకోవడం. మ్యానిఫోల్డు రంధ్రంలో కదలకుండా కూర్చునేలా, నడుమ 4 మి.మీ. రంధ్రం ఉండేలా లేత్ షాపులో ఒక ఉక్కు బుష్ చేయించి, మ్యానిఫోల్డును మిగిలిన స్టడ్డులకు బిగించి, ఆ బుష్ గుండా డ్రిల్లు దించితే నడిమి గురి చాలావరకు దానంతట అదే కుదురుతుంది. తరువాత బుష్ తీసి 6.5, ఆపై 8 మి.మీ. బిట్లతో నెమ్మదిగా, నూనె వేస్తూ పెంచాలి. రజనును గమనిస్తూ ఉండాలి: ఉక్కు తీగల్లా మెలికలు తిరిగి మెరుస్తూ వస్తుంది, బీడు నల్లటి పొడిగా రాలుతుంది. నల్లపొడి కనిపించిందంటే బిట్టు పక్కకు పోతున్నట్టే, వెంటనే ఆపాలి. 8 మి.మీ. దాకా సరిగ్గా వస్తే మిగిలేది పలుచని పెంకు మాత్రమే. సన్నని ఉలితో దాన్ని లోపలికి మడిస్తే త్రెడ్డు చుట్టలా ఊడి వస్తుంది.

రంధ్రంలో త్రెడ్డును సరిచేసే ట్యాపు (మర కోసే పనిముట్టు) కొనే ముందు త్రెడ్డు ఏదో తేల్చుకోవాలి. ఇంగ్లండు లిస్టర్ నమూనాలో రాజ్‌కోట్‌లో తయారైన పాత ఇంజన్లలో అంగుళాల కొలతలో ఉండే పాత ఇంగ్లీషు విట్‌వర్త్ త్రెడ్డు తగలవచ్చు. 3/8 అంగుళం విట్‌వర్త్‌కు అంగుళానికి 16 చుట్లు, అంటే చుట్టుకు 1.59 మి.మీ.; 10 మి.మీ. మెట్రిక్‌కు 1.5 మి.మీ. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ ఒకదాని రంధ్రంలో మరొకదాని ట్యాపు తిప్పితే ఉన్న త్రెడ్డూ పోతుంది. త్రెడ్డు అప్పటికే చెడిపోతే హెలికాయిల్ (కొత్త త్రెడ్డుగా పనిచేసే తీగ చుట్ట) వేయించుకోవాలి.

కొత్త స్టడ్డు బిగించేముందు రంధ్రం వాటర్ జాకెట్‌లోకి (ఇంజన్ను చల్లబరిచే నీరు తిరిగే ఖాళీలోకి) తెరుచుకొని ఉందేమో సన్నని తీగతో చూడాలి. తెరుచుకొని ఉంటే త్రెడ్డుకు సీలెంటు రాయకపోతే నీరు కారుతుంది. మూసుకుపోయిన రంధ్రమైతే అడుగున నూనె గానీ నీరు గానీ ఒక్క చుక్క మిగలకుండా గాలి కొట్టి ఆరబెట్టాలి. స్టడ్డు దిగేకొద్దీ ఆ చుక్క తప్పుకోవడానికి చోటు లేక, దాని ఒత్తిడికే రంధ్రం అడుగున బ్లాకు పగలవచ్చు.