పార్సిల్ డెలివరీ పనికి పిలుస్తున్నారా? చేరే ముందు ఈ లెక్క వేసుకోండి

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పార్సిల్ డెలివరీకి పిలుస్తున్నారు, నెలకి 30 వేలంట, వెళ్ళనా?" అని. నేను హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఏడాదికి పైనే బండి మీద ఈ పని చేశాను, అందుకే వాడికి నన్ను అడగాలనిపించింది. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "రేటు సరే, రూట్ ఎక్కడ ఇస్తారంట?" అన్నాను. అడగలేదన్నాడు. చాలామంది అడగరు, నేనూ అడగలేదు.

ముందు ఆ 30 వేల సంగతి. అది పూర్తిగా అబద్ధం కాదు. పార్సిల్‌కి 14 రూపాయలు అనుకోండి (హబ్‌ని బట్టి, అంటే పార్సిళ్ళు వచ్చి మనకి పంచే గోడౌన్‌ని బట్టి, కాంట్రాక్టర్‌ని బట్టి మారుతుంది, మీకు చెప్పిన రేటు వేసుకోండి). రోజుకి 80 ఇచ్చారు, 80కి 80 డెలివరీ అయిపోయాయి, నెలకి 26 రోజులు, మొత్తం 29,120. పోస్టర్ మీద వేసేది ఈ లెక్కే. అందులో పెట్రోలు లేదు, డోర్ లాక్ (ఇంటికి తాళం) లేదు, ఫోన్ ఎత్తని కస్టమర్ లేడు, వాన లేదు.

నా మొదటి రూట్ మల్లంపేట, దుండిగల్ వైపు. కొత్త వెంచర్లు, సగం ఇళ్ళకి నంబర్లు ఉండవు, అడ్రస్‌లో "వాటర్ ట్యాంక్ ఎదురుగా" అని ఉంటుంది, అక్కడికి వెళ్తే ట్యాంకులు రెండుంటాయి. 70 పార్సిళ్ళు తీసుకుంటే 58 అయ్యేవి. 58 పద్నాలుగులు 812. హబ్ నుంచి వెళ్ళి రావడంతో కలిపి 65 కిలోమీటర్లు, ఆగి ఆగి నడిపితే బండి లీటరుకి 45 దాటదు, అప్పటి రేటు లీటరు 107 చొప్పున పెట్రోలు 155. ఇక్కడితో లెక్క ఆపేస్తారు అందరూ. కానీ టైరు, చైన్ సెట్, బ్రేక్ షూ, ఇంజిన్ ఆయిల్ ఇవన్నీ కిలోమీటరుకి ఒక రూపాయి తింటాయి, ఇవాళ కనపడదు, ఆరు నెలలకి మెకానిక్ చేతిలో ఒకేసారి కనపడుతుంది. అది 65. పంక్చరు, ఫోన్ రీచార్జ్ లాంటివి రోజుకి 20 అనుకుంటే చేతికి మిగిలేది 572. నెలకి 14,872. పొద్దున ఏడుకి హబ్‌లో ఉండాలి, సాయంత్రం వసూలైన డబ్బు హబ్‌లో లెక్క అప్పజెప్పేసరికి ఆరున్నర, ఏడు. గంటకి 50 రూపాయల లోపే అన్నమాట.

తర్వాత కేపీహెచ్‌బీ కాలనీ రూట్ దొరికింది. అదే 14 రూపాయలు, అదే 70 పార్సిళ్ళు. కానీ ఒక్కో హాస్టల్‌కి ఐదారు పార్సిళ్ళు, ఒక్కో అపార్ట్‌మెంట్‌కి నాలుగు, రోజంతా తిరిగినా 30 కిలోమీటర్లు. 66 అయ్యేవి, మధ్యాహ్నం మూడున్నరకి ఖాళీ. పైన వేసినట్టే ఖర్చులన్నీ తీసేస్తే రోజుకి 803, నెలకి 20,878. రేటు పైసా పెరగలేదు, నెలకి ఆరు వేల తేడా, పైగా రోజుకి మూడు గంటలు మిగిలాయి. అందుకే రేటు గురించి బేరం ఆడేవాళ్ళకన్నా రూట్ గురించి పట్టుబట్టేవాళ్ళే తెలివైనవాళ్ళు అంటాను. గంటల లెక్కన చూస్తే 12కి దొరికిన మంచి రూట్, 16కి దొరికిన చెత్త రూట్ కంటే మేలు, కావాలంటే కాగితం మీద వేసి చూడండి.

మరి రూట్ మంచిదో కాదో చేరకముందే ఎలా తెలుస్తుంది? ఒక రోజు ఆ రూట్ చేసే అబ్బాయి వెనక కూర్చొని తిరగండి. పండగ ఆఫర్ల రోజున కాదు, మామూలు మంగళవారమో బుధవారమో వెళ్ళండి. పొద్దున హబ్‌లో పార్సిళ్ళు సర్దుకునే దగ్గర నుంచే చూడాలి. అతను పార్సిళ్ళని సందుల వరసలో బ్యాగ్‌లో పేర్చుకుంటాడు, చివర ఇవ్వాల్సినవి అడుగున, మొదటివి పైన. కొత్తలో ఆ పేర్చడం రాక ప్రతి గేటు దగ్గరా బ్యాగ్ మొత్తం రోడ్డు మీద పరిచేవాణ్ణి నేను. మీటర్ రీడింగ్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోటో తీసుకోండి. ఎన్ని తీసుకున్నాడు, ఎన్ని అయ్యాయి, ఎన్ని డోర్ లాక్, ఎన్ని సీఓడీ (ఇచ్చేటప్పుడు డబ్బు వసూలు చేసేవి) రాసుకోండి. హాస్టల్ అబ్బాయిలు నైట్ షిఫ్ట్ చేసి పడుకుంటారు, ఫోన్ ఎత్తరు. గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ ఆపి అప్రూవల్ వచ్చేదాకా నిలబెడతాడు, ఒక్కో టవర్‌కి పావుగంట పోతుంది. ఇవన్నీ ఆ ఒక్క రోజులోనే తెలిసిపోతాయి. టీ తాగేటప్పుడు పోయిన నెల ఎంత పడిందో అకౌంట్ చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

హబ్ ఇన్‌ఛార్జిని అడగాల్సింది ఇంకొంత ఉంది. డెలివరీ కాని పార్సిల్‌కి ఏమైనా ఇస్తారా? రిటర్న్ పికప్‌కి, అంటే కస్టమర్ వెనక్కి ఇచ్చే వస్తువు తెచ్చినందుకు ఎంత? క్యాష్ తక్కువ వస్తే, రిటర్న్‌లో వస్తువు మారితే ఎవరి మీద పడుతుంది? నాకు ఒకసారి షూ రిటర్న్‌లో బాక్స్ మీద సైజు ఒకటి, లోపల సైజు ఇంకొకటి ఉందని 1,850 కోసేశారు. నేను బాక్స్ తెరిచి చూడలేదు, ఆ రోజు వాన. అప్పటి నుంచి వాన అయినా సరే గుమ్మం ముందే తెరిచి ఫోటో తీసుకునేవాణ్ణి.

పేరోల్ మీద (నెల జీతానికి) తీసుకుంటున్నారా, పార్సిల్ లెక్కనా అన్నది కూడా ముందే తేల్చుకోండి. పేరోల్ అయితే మామూలుగా పీఎఫ్ ఉంటుంది, జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ కూడా. పార్సిల్ లెక్కనైతే మామూలుగా ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) పట్టుకుంటారు, ఐటీ రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది, మా హబ్‌లో మాత్రం వేసినవాడు ఒక్కడూ లేడు. దెబ్బ తగిలితే చూసుకునే దిక్కు ఉండదు కాబట్టి బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఒకటి తీసుకోండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 2 లక్షలు. బండి ఇన్సూరెన్స్ సొంత వాడకానికని తీసుకున్నదైతే, ఈ పనిలో గుద్దుకున్నప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు, ఏజెంట్‌ని ముందే అడగండి.

ఈ పని కోసం ఈఎంఐ మీద కొత్త బండి మాత్రం కొనకండి. ఇంట్లో బండి ఉంటే దాంతో మూడు నెలలు చేసి చూడండి. ఆ మూడు నెలల్లో దసరా, దీపావళి ఉంటే వచ్చిన డబ్బు చూసి మోసపోవద్దు, సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊళ్ళకి పోతుంది, ఏ తలుపు తట్టినా తాళమే.

మా చిన్నాన్న కొడుకు అలాగే ఒక రోజు రూట్ అబ్బాయి వెనక కూర్చొని తిరిగి చూశాడు. బాచుపల్లి అవతల రూట్, 61 కిలోమీటర్లు, 64కి 49 అయ్యాయంట. నిజాంపేట రూట్ ఖాళీ అయితే చెప్పమని ఇన్‌ఛార్జికి నంబర్ ఇచ్చి, ప్రస్తుతానికి ముందు నుంచీ చేస్తున్న మెడికల్ షాపులోనే ఉన్నాడు.