క్లిప్‌లెస్ పెడల్స్ కొత్తా? ముందు ఆ స్క్రూ వదులు చేయండి

మౌంటెన్ బైక్‌కి క్లిప్‌లెస్ పెడల్స్ (బూటు అడుగుని గట్టిగా పట్టి ఉంచే పెడల్స్) వేసుకున్న కొత్తలో అందరిదీ ఒకటే టెన్షన్: సైకిల్ ఆగేసరికి బూటు ఊడి రాదు, ఉన్నచోటే పక్కకి పడిపోతాం. షిమానో కంపెనీ ఎస్‌పీడీ రకం పెడల్స్ అయితే దీనికి పైసా ఖర్చు అక్కర్లేదు.

పెడల్‌లో బూటుని పట్టుకునే క్లిప్ వెనకవైపు, ఆ పట్టుని సర్దే చిన్న స్క్రూ ఉంటుంది. 3 ఎంఎం అలెన్ కీతో మైనస్ గుర్తు వైపు తిప్పండి. టక్ టక్‌మని క్లిక్‌లు తెలుస్తాయి. రెండు పెడల్స్, ఒక్కోదానికి రెండు ముఖాలు కాబట్టి స్క్రూలు మొత్తం నాలుగు. నాలుగూ సమానంగా ఉండాలి, ఒక ముఖాన్ని మరిచిపోతే కాలు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటుంది! స్క్రూని పూర్తిగా మాత్రం ఊడదీయకండి.

తర్వాత గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, ఒక్కో కాలితో ఇరవై సార్లు పెట్టి తీయండి. కాలు పైకి లాగితే రాదు, మడమ బయటికి తిప్పాలి. ఆగేముందే తిప్పాలి, ఆగాక కాదు.

రాళ్ల దారిలో, గెంతేటప్పుడు ఇంత వదులు పనికిరాదు, కాలు దానంతటదే ఊడొస్తుంది. అలవాటయ్యాక రెండేసి క్లిక్‌లు బిగించుకోండి. బురద పట్టేస్తే మాత్రం స్క్రూ ఏమీ చేయలేదు, పుల్లతో గీకాల్సిందే.