చలికాలం లాంగ్ రైడ్ తర్వాత ఒళ్ళు హూనం కాకుండా

విజయవాడ నుంచి సైకిల్ మీద బందరు వెళ్ళి రావడమంటే దాదాపు 140 కిలోమీటర్లు. డిసెంబరు, జనవరిలో హాయిగానే సాగుతుంది, కానీ ఇంటికొచ్చాక రెండు రోజులు గోడ పట్టుకుని మెట్లు దిగాల్సి వస్తుంది. తప్పు చలిది అనుకుంటారు చాలామంది. మన దగ్గర చలెంతని! తెల్లవారుజామున 18, 20 డిగ్రీలు, మధ్యాహ్నానికి 30 దగ్గరకు వచ్చేస్తుంది. అసలు సంగతేంటంటే పొద్దున చల్లగాలిలో దాహం తెలియదు, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి చెమటే పట్టలేదనిపిస్తుంది. పామర్రులో ఆగి చూసుకోండి, బాటిల్‌లో నీళ్ళు సగం పైనే ఉంటాయి, జెర్సీ వీపు మీద మాత్రం తెల్లగా ఉప్పు చారలు కట్టి ఉంటాయి. ఆ లోటంతా తిరుగు ప్రయాణంలో ఎండెక్కాక బయటపడుతుంది.

కాబట్టి నీరసానికి మందు రైడ్‌లోనే మొదలవ్వాలి. పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. గంటకు అరలీటరు అటూఇటూ సరిపోతుంది, ఎండెక్కాక ఇంకాస్త. అలాగని వట్టి నీళ్ళే లీటర్లకొద్దీ తాగేయకండి, ఒంట్లో సోడియం పడిపోతే అది ఇంకో ప్రమాదం. ఒక బాటిల్‌లో ఓఆర్ఎస్ ఉంచుకోండి, లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కాదు. కొబ్బరినీళ్ళు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేదేమో ముఖ్యంగా సోడియం. ఉప్పేసిన మజ్జిగ ఆ పని బాగా చేస్తుంది.

తిండీ అంతే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (ఒంట్లోని చక్కెర నిల్వ) అంతా కలిపి సుమారు అరకిలోనే, గట్టిగా తొక్కితే కొన్ని గంటల్లో అడుగంటుతుంది. అందుకే ఆకలేసేదాకా ఆగకుండా మొదటి గంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి, అంటే రెండు అరటిపండ్లో, ఉయ్యూరులో ఓ ప్లేటు ఇడ్లీయో. బందరు దాకా వెళ్ళి లడ్డు తినకుండా రమ్మని చెప్పను గానీ, నెయ్యి అరగడానికి టైం పడుతుంది, ఒకటితో ఆపండి. మిరపకాయ బజ్జీల జోలికి మాత్రం వెళ్ళొద్దు. తొక్కుతున్నప్పుడు రక్తమంతా కాళ్ళకు పోతుంది, పొట్ట అసలే డీలా పడి ఉంటుంది.

ఇంటికి రాగానే మంచమెక్కేయకండి. వీలైతే బయల్దేరే ముందు, వచ్చాక బరువు చూసుకోండి, కిలో తగ్గితే సుమారు లీటరు నీళ్ళు పోయినట్టే, సుమారు లీటరున్నర నిదానంగా సాయంత్రంలోపు తాగాలి. తడి బట్టలు మార్చి, గంటలోపు అన్నం తినండి. ముద్దపప్పు, రెండు గుడ్లు, చివర్లో పెరుగన్నం. ప్రోటీన్ పౌడర్ కొనక్కర్లేదు.

మర్నాటి నొప్పులకు లాక్టిక్ యాసిడ్ కారణమని అందరూ అంటారు, అది రైడ్ అయిన గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. తొడలు పీకేది కండరాల్లో పడ్డ సన్నటి చీలికల వల్ల, రెండో రోజు ఇంకా ఎక్కువ అనిపించినా కంగారుపడకండి. బందరు కాలువ గట్టున అరగంట తేలిక గేర్‌లో తొక్కితే పట్టు వదులుతుంది. లేవగానే నాడి చూసుకుంటే మామూలు కన్నా పది దాకా ఎక్కువ ఉందనుకోండి, ఆ రోజు సైకిల్ ముట్టుకోవద్దు, నిద్రపోండి.

నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఒంట్లో నీళ్ళు లేనప్పుడు కిడ్నీల మీద పడతాయి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగేయకండి. మూత్రం కోలా రంగులో వచ్చినా, కండరాలు వాచినా, ఛాతీలో పట్టేసినట్టున్నా రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.