థర్మోడైనమిక్స్ మిడ్ పరీక్షకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

సూత్రాలు బట్టీ పట్టే ఉంటారు, వాటి జోలికి పోను. మార్కులు పోయేది వేరే చోట.

– ఉష్ణోగ్రత కెల్విన్‌లోకి మార్చారా? కార్నో ఇంజిన్ (నష్టాల్లేని ఆదర్శ ఇంజిన్) 327, 27 డిగ్రీల సెల్సియస్ మధ్య నడుస్తోందనుకోండి. కెల్విన్‌లో 600, 300. సామర్థ్యం 50 శాతం. సెల్సియస్ అలాగే పెట్టేస్తే దాదాపు 92 వస్తుంది. ఫస్టియర్‌లో నేను ఆ 92కి బాక్స్ కట్టి మరీ ఇచ్చొచ్చాను. తేడా మాత్రమే కావాల్సిన చోట (300 డిగ్రీలు) ఏదైనా ఒకటే, అక్కడ 273 కలపొద్దు.

– ప్రెషర్ గేజా (వాతావరణ పీడనం కన్నా ఎంత ఎక్కువో), అబ్సల్యూటా (అదీ కలిపిన అసలు పీడనం)? టైరులో గేజ్ 2 బార్ చూపిస్తే అసలు ప్రెషర్ దాదాపు 3 బార్. ఆదర్శ వాయు సమీకరణానికి కావాల్సింది ఈ 3.

– పనికి గుర్తు ఏది? ఇంటర్ కెమిస్ట్రీలో వ్యవస్థ మీద జరిగిన పని ప్లస్. మెకానికల్ పుస్తకాల్లో ఎక్కువగా వ్యవస్థ చేసిన పని ప్లస్. జవాబు మొదట్లోనే ఏది వాడుతున్నారో ఒక లైన్ రాసేయండి.

– గాలికి వాయు స్థిరాంకం 0.287 (కిలోకి, కిలోజౌళ్లలో). 8.314 కిలోమోల్‌కి. కలిపేస్తే జవాబు 29 రెట్లు తేడా.

– స్టీమ్ టేబుల్ (నీరు, ఆవిరి విలువల పట్టిక) తెరవగానే ముందు సంతృప్త ఉష్ణోగ్రత, అంటే ఆ ప్రెషర్ దగ్గర నీరు మరిగే ఉష్ణోగ్రత చూడండి. 10 బార్ దగ్గర అది సుమారు 180 డిగ్రీలు. లెక్కలో 250 ఇచ్చారంటే అది సూపర్‌హీటెడ్ (మరిగే ఉష్ణోగ్రత దాటి వేడెక్కిన ఆవిరి), పేజీ మార్చాలి.

– వ్యవస్థ చుట్టూ చుక్కల గీత గీయండి. పిస్టన్ సిలిండరా, టర్బైనా అన్నది అక్కడే తేలుతుంది. టర్బైన్ అయితే ఆవిరి గీత దాటి లోపలికీ బయటికీ పోతుంది కాబట్టి లెక్కలో అంతర్గత శక్తి బదులు ఎంథాల్పీ (అంతర్గత శక్తికి పీడనం × ఘనపరిమాణం కలిపినది) వాడాలి.