యావ్లెన్‌స్కీ బొమ్మ చూసి ఎక్స్‌ప్రెషనిస్టు ముఖం వేయడం

కంటికి కనిపించినట్టు కాకుండా, మనసులోని భావం తెలిసేలా రంగులూ ఆకారాలూ మార్చి వేసే పద్ధతే ఎక్స్‌ప్రెషనిజం. అలాగని ముఖానికి తోచిన రంగు పూసేస్తే ఎక్స్‌ప్రెషనిజం అయిపోదు. చెంప ఆకుపచ్చగా ఉన్నా అది చెంపలాగే కనిపించాలంటే, ఆ చోట ఉండాల్సినంత వెలుగో నీడో ఆ పచ్చలో ఉండాలి. ఈ సంగతి చేతికి పట్టుబడాలంటే మంచి బొమ్మ ఒకటి ఎదురుగా పెట్టుకుని వేయాల్సిందే.

మొదటిసారికి రష్యన్ చిత్రకారుడు అలెక్సే యావ్లెన్‌స్కీ 1909లో వేసిన నర్తకుడు సఖరోఫ్ పోర్ట్రెయిట్ బాగుంటుంది. ఎర్ర దుస్తులు, తెల్లగా మేకప్ చేసిన ముఖం, పెద్ద నల్లటి కళ్లు. ఆకారాలు కొన్నే, అవీ పెద్దవి. మూలచిత్రం దాదాపు చతురస్రం కాబట్టి 30 సెం.మీ. చదరపు కాన్వాస్ సరిపోతుంది. రంగులు అక్రిలిక్‌వి.

బొమ్మను రంగుల్లో ఒకటి, నలుపు తెలుపుల్లో ఒకటి ప్రింటు తీయండి. రంగుల్లో మంటలా కనిపించే ఎరుపు నలుపు తెలుపుల్లో మామూలు బూడిద రంగే. వేస్తున్నంతసేపూ ఆ రెండో ప్రింటు పక్కనే ఉండాలి.

కాన్వాస్‌కు బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమ రంగు) బాగా పల్చన చేసి పూసి ఆరనివ్వండి. తెల్ల కాన్వాస్ మీద ప్రతి రంగూ ఉన్నదానికంటే ముదురుగా అనిపించి మోసం చేస్తుంది. ఆరాక, ప్రింటు మీదా కాన్వాస్ మీదా నాలుగేసి గళ్లు గీసి, పల్చని అల్ట్రామెరీన్ (ముదురు నీలం) రంగుతో, కుంచెతోనే గీతలు పెట్టండి. పెన్సిల్ వద్దు. పెన్సిల్ గీత ఉంటే చెయ్యి దాని లోపల రంగు నింపడానికే చూస్తుంది.

ముందు దుస్తులు, తర్వాత వెనక భాగం, ఆపైన ముఖం. అంగుళం ఫ్లాట్ కుంచె చాలు. ముఖానికి ట్యూబులోని తెలుపు నేరుగా వాడితే సుద్దలా ఉంటుంది. వెలుగు వైపు టైటానియం వైట్‌లో కాస్త ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి. నీడ వైపు బఠానీ గింజంత తెలుపుకు ఆవగింజంత విరిడియన్ (నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చ). అంతకు మించితే ఆ పచ్చ ముఖాన్నంతా మింగేస్తుంది.

ఎక్కువమందికి బొమ్మ పాడయ్యేది దుస్తుల ఎరుపూ ముఖం నీడలోని ఆకుపచ్చా కలిసే అంచు దగ్గరే. రెండూ తడిగా తగిలితే మట్టి రంగే. మధ్యలో రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. అడుగు రంగు అక్కడ కనిపించినా అందమే, లేదా తర్వాత ముదురు గీత దాన్ని కప్పేస్తుంది. అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది కాబట్టి కలిపిన రంగును చిత్తు కాగితం మీద పూసి, ఆరాక చూసి వాడండి.

గీతలు చివర్లో. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెనా కలిపితే వచ్చే నలుపులో ప్రాణం ఉంటుంది. పైరెప్ప గీత లావుగా, ఒక్క ఊపులో. కింది రెప్పది సన్నగా, మధ్యలో తెగినా ఫర్వాలేదు. అన్ని గీతలూ ఒకే లావుంటే కార్టూన్ అయిపోతుంది.

అయ్యాక మీ బొమ్మను ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి ప్రింటు పక్కన పెట్టండి. తేడా ఉన్నచోట రంగు మార్చకుండా ముదురో లేతో చేయండి. వెనకవైపు ‘యావ్లెన్‌స్కీని చూసి’ అని రాయండి. మర్నాడు ప్రింట్లు తీసేసి, అవే రంగులతో మీకు తెలిసిన ముఖం ఒకటి మొదలుపెట్టండి.